మెచ్చలేక, వదల్లేక: ప్రళయం తర్వాతి నవల మీద అభిప్రాయం రాయడం ఎలా

లోకం కాలి బూడిదయ్యాక మిగిలిన ఒకరిద్దరి కథ చెప్పే నవలలతో పాఠకుడికి ఒక చిక్కు ఉంటుంది. రాసినాయన చెయ్యి తిరిగినవాడని పేజీ పేజీకీ తెలుస్తూనే ఉంటుంది. మళ్లీ చదువుతావా అంటే మాత్రం మనసు రాదు. విజయవాడలోనో గుంటూరులోనో నలుగురు చదువరులు ఆదివారం సాయంత్రం కూర్చుని ఇలాంటి పుస్తకం గురించి మాట్లాడుకుంటే ఒకరు "అద్భుతం" అని ఆగిపోతారు, ఇంకొకరు "అంతా ఏడుపే, ఏం చదువుతామండీ" అని తేల్చేస్తారు. రెండూ అనిపించిన మనిషి నోరు విప్పడు. గోడ మీద పిల్లి అంటారని జంకు. నిజానికి ఆ పుస్తకం గురించి ఎక్కువ చెప్పగలిగింది ఆ మనిషే. నచ్చిన చోటునీ నచ్చని చోటునీ వేలు పెట్టి చూపించగలిగితే అది తటపటాయింపు కాదు, తీర్పు.

ఉదాహరణకి అమెరికన్ రచయిత కార్మాక్ మెకార్థీ నవల ‘ద రోడ్’ తీసుకుందాం. 2006లో వచ్చింది, 2007లో పులిట్జర్ బహుమతి అందుకుంది. పేర్లు లేని తండ్రీ కొడుకులు చచ్చిపోయిన అడవుల మధ్య సూపర్ మార్కెట్ బండి తోసుకుంటూ దక్షిణంగా సముద్రం వైపు నడుస్తారు. తండ్రి దగ్గర ఒక పిస్తోలు, మొదట్లో అందులో రెండే తూటాలు. ఈ రకం నవలల మీద పాఠకులకి కలిగే ఇబ్బందుల్లో చాలా వాటికి ఇందులో చోటుంది కాబట్టి వివరించడానికి వీలుగా ఉంటుంది. ముగింపు మాత్రం ఇక్కడ చెప్పం.

చదివేటప్పుడే గుర్తులు

పుస్తకం మూసి కూర్చుని గుర్తు తెచ్చుకుందామంటే మిశ్రమ అభిప్రాయం దొరకదు. చివరి ఇరవై పేజీలు అంతకుముందు జరిగినదాన్నంతా కప్పేస్తాయి. ముగింపు కదిలిస్తే మధ్యలో పడ్డ విసుగు మరిచిపోతాం. ముగింపు మింగుడుపడకపోతే మొదట్లో కళ్లు చెమర్చిన చోటు మరిచిపోతాం. అందుకని గుర్తులు చదువుతూనే పెట్టుకోవాలి.

పుస్తకం సొంతదైతే పెన్సిల్ చాలు. లైబ్రరీదైతే, స్నేహితులదైతే అందులో గీయకూడదు. తెల్ల కాగితాన్ని నిలువుగా నాలుగు పొడుగు చీటీలు చేసి, ఒకదాన్ని పుస్తకంలోనే ఉంచండి. చీటీ మీద పేజీ నంబరు, పక్కన ఒక గుర్తు, మహా అయితే మూడు మాటలు. గుర్తులు నాలుగు రకాలు చాలు. ‘ఆ’ అంటే ఆగిపోయాను: అందానికో, దెబ్బకో చదవడం ఆపి తలెత్తిన చోటు. ‘వి’ అంటే విసుగు. ‘న’ అంటే నమ్మలేదు. ‘తి’ అంటే తిరిగి చూడాలి, ఇప్పుడు అర్థం కాలేదు. ఇంతకంటే ఎక్కువ రకాలు పెట్టుకుంటే ఏ గుర్తు పెట్టాలో ఆలోచించడంలోనే చదువు తెగిపోతుంది.

మూడు వందల పేజీల లోపు నవలకి ముప్ఫై నలభై గుర్తులు వస్తే సరిపోతాయి. వంద దాటుతున్నాయంటే ప్రతి వాక్యానికీ స్పందించేస్తున్నారు, కొంచెం చెయ్యి బిగించండి. పదిహేను కూడా రాలేదంటే కథ ఏమవుతుందోనన్న తొందరలో పరిగెత్తారు.

‘వి’ గుర్తు పెట్టేముందు ఒక్క క్షణం ఆగాలి. విసుగు పుస్తకం వల్ల పుట్టిందా, అలసట వల్లా? రాత్రి పదకొండింటికి ఆఫీసు పని అయ్యాక చదివిన పేజీలకి విసుగు గుర్తులు ఎక్కువ పడతాయి. అనుమానంగా ఉంటే గుర్తు చుట్టూ సున్నా చుట్టండి, పొద్దున ఆ రెండు పేజీలే మళ్లీ చదవండి. పొద్దున కూడా విసుగే అయితే సున్నా చెరిపేయొచ్చు.

వేగం గురించి. ఇలాంటి నవలకి పూటకి నలభై పేజీలు, మొత్తం వారం రోజులు అనుకోండి. ఒక్క రాత్రిలో లాగేస్తే సగం దాటేసరికి మనసు మొద్దుబారుతుంది, శవాల వర్ణన కిరాణా చీటీలా కళ్ల ముందు నుంచి జారిపోతుంది. అప్పుడు "రచయిత కదిలించలేకపోయాడు" అని రాస్తే అన్యాయం. నెల రోజులు సాగదీసినా చిక్కే. నడక, ఆకలి, చలిమంట, నిద్ర, మళ్లీ నడక అని ఒకే లయ మీద కట్టిన పుస్తకానికి ఆ లయ తెగితే ఏమీ మిగలదు.

కాలం సంగతి కూడా చెప్పుకోవాలి, మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. చలి మీద నడిచే నవలని రోహిణీ కార్తెలో, కరెంటు పోయిన గుంటూరు మధ్యాహ్నం చదివితే ఆ చలి ఒంటికి అంటదు. పాత్రలు తడిసిన దుప్పట్లో వణుకుతుంటే మనకి చల్లగా హాయిగానే ఉంటుంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్నది అల్మారాలో పెట్టకుండా సంక్రాంతి లోపు మొదలుపెట్టండి. పొద్దున్నే మంచు పడే ఆ రోజులే ఈ పుస్తకాలకి తగినవి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో కొంటే పేజీలన్నీ ఉన్నాయో లేదో అక్కడే తిరగేసి చూసుకోండి. ‘ద రోడ్’లో అధ్యాయాలు, వాటి నంబర్లు ఉండవు, ఖాళీ వదిలిన చిన్న చిన్న ఖండాలుగా సాగుతుంది. నాలుగు పేజీలు ఊడిపోయినా రచయితే అలా రాశాడనుకుని చదువుకుంటూ పోయే ప్రమాదం ఉంది.

ఇంగ్లీషులో చదివేవాళ్లకి ఇంకొక జాగ్రత్త. మెకార్థీ అరుదైన మాటలు వాడతాడు, సంభాషణలకి కొటేషన్ గుర్తులు పెట్టడు. ప్రతి మాటకీ నిఘంటువు తీయకండి, వాక్యం కదలకుండా అడ్డం పడ్డ మాట ఒక్కటే చూడండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే ఆ అర పేజీ పైకి చదవండి. గొంతు మారగానే తండ్రి మాటేదో కొడుకు మాటేదో విడిపోతుంది. పైకి చదివినా విడిపోకపోతే అప్పుడది రచయిత మీద పెట్టదగ్గ ఫిర్యాదు. భాష కష్టాన్ని కథ కష్టంతో కలిపేసి "భారంగా ఉంది" అని ఒక్క మాటలో రాసేయడం ఎక్కువగా జరిగే పొరపాటు.

మూసిన రాత్రి, నాలుగో రోజు

పుస్తకం పూర్తయిన రాత్రే, దాన్ని తెరవకుండా, పది వాక్యాలు చేత్తో రాయండి. ఏ దృశ్యం కళ్ల ముందుంది, ఎక్కడ కోపం వచ్చింది, ఎవరికి చెప్పాలనిపించింది. ఇది ఎవరికీ చూపించక్కర్లేదు. తర్వాత మూడు రోజులు ముట్టుకోవద్దు.

నాలుగో రోజు చీటీలన్నీ వరుసగా పరిచి, పుస్తకాన్ని యాభై పేజీల గళ్లుగా ఒక గీత మీద గీసుకోండి. ఏ గడిలో ఏ గుర్తులు పడ్డాయో నింపండి. పావుగంట పని. ఇక్కడ రెండు రకాల బొమ్మలు వస్తాయి. ‘వి’లు, ‘న’లు ఒకే చోట, ఉదాహరణకి మూడో గడిలోనే గుమిగూడితే మీ ఫిర్యాదు ఒక భాగం మీద. అది చెప్పడం తేలిక, "నూరో పేజీ నుంచి నూట యాభై దాకా పట్టు సడలింది" అని చెప్పొచ్చు. అలా కాక ‘ఆ’లు, ‘వి’లు మొదటి నుంచి చివరిదాకా కలగలిసి ఉంటే మీకు పేచీ ఏదో ఒక భాగంతో కాదు, రచయిత పద్ధతితోనే. అదే పద్ధతి మిమ్మల్ని ఒక చోట కట్టిపడేసి ఇంకో చోట తోసేసింది. ఈ రెండు బొమ్మలకీ రాయాల్సిన వ్యాసాలు వేరువేరు. ఏది మీదో తెలియకుండా రాయడం మొదలుపెడితే పేరా పేరాకీ మాట మారుతుంది.

దుఃఖం వేరు, లోపం వేరు

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడ కావాలి.

దుఃఖంగా ఉండటం నవల లోపం కాదు. ఆ సంగతి పుస్తకం అట్ట మీదే రాసి ఉంటుంది. నిజమైన లోపాలు దుఃఖం వెనక దాక్కుంటాయి, వాటిని బయటికి లాగాలి. ముఖ్యంగా మూడు చూడండి.

ఒకటి, మార్పు లేకపోవడం. ఒకే రకం సన్నివేశం నవలలో ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ‘ద రోడ్’లో అయితే ఖాళీ ఇంట్లో దూరి తిండి వెతుక్కోవడం. అవన్నీ వరుసగా పెట్టుకుని ఒక్కొక్కదానికీ ఒకే ప్రశ్న వేయండి: లోపలికి వెళ్లినప్పటికీ బయటికి వచ్చినప్పటికీ ఎవరిలో ఏం మారింది? ఒకసారి తిండి దొరుకుతుంది. ఒకసారి చూడకూడనిది కంటపడుతుంది. ఒకసారి వద్దు నాన్నా అని పిల్లవాడు గుమ్మం దగ్గరే మొండికేస్తాడు. పిల్లవాడి భయం తండ్రి అవసరానికి అడ్డం పడుతున్న కొద్దీ ఆ గుమ్మం అర్థం మారిపోతూ ఉంటుంది. అలా మారినంత కాలం అది పునరుక్తి కాదు. వరుసగా మూడుసార్లు ఏ మార్పూ లేదని తేలితే మీ ‘వి’ నిలబడుతుంది, ఆ మూడు పేజీల నంబర్లూ వ్యాసంలో వేయండి.

రెండు, దెబ్బ కోసం దెబ్బ. ఒక ఘోరమైన దృశ్యాన్ని తీసేసి కథని ముందుకి నడిపి చూడండి. పాత్రలు తర్వాత తీసుకున్న నిర్ణయాలు అలాగే ఉంటే ఆ దృశ్యం కథకి అవసరం లేదు, పాఠకుణ్ని కొట్టడానికే వచ్చింది. ఆ దృశ్యం చూసిన మనిషి ఆ తర్వాత అపరిచితుల్ని నమ్మడం మానేశాడంటే అది తన చోటులోనే ఉంది, ఎంత ఘోరమైనా సరే. ఈ పరీక్ష పెట్టాక చాలామంది తమ ఫిర్యాదుల్లో సగం వెనక్కి తీసుకుంటారు, మిగిలిన సగం గట్టిపడుతుంది.

మూడు, దూరంగా నిలబెట్టిన మనుషులు. ప్రళయం నవలల్లో ఒకరిద్దరికే నిండు మనసు ఉంటుంది, మిగతావాళ్లు ప్రమాదాలుగానో బాధితులుగానో వచ్చి వెళ్తారు. ‘ద రోడ్’లో తల్లి ఇలాంటి చిక్కే. ఆమె తండ్రి జ్ఞాపకాల్లో మాత్రమే ఉంటుంది. బతికి ఏం చేయాలన్న ఆమె మాట నవలలోకెల్లా కఠినమైన వాదన, దానికి దక్కిన పేజీలు మాత్రం చాలా తక్కువ. ఒక పాఠకుడు దీన్ని లోపమంటాడు. ఇంకొకడు, ఆమె లేకపోవడమే ఆ ఇద్దరి నడకకి అర్థం అంటాడు. మీరు ఏ పక్షమో తేల్చుకునే ముందు ఆమె ఉన్న పేజీలు మళ్లీ చదవాలి. రెండోసారి చదవకుండా స్త్రీ పాత్ర మీద వ్యాఖ్యానించకండి. జ్ఞాపకం ఆమెని ఇంకా చిన్నదిగా చేసేసి ఉంటుంది.

ఆశ లేదన్న ఫిర్యాదుని వేరుగా చూడాలి. ఈ నవలలో ఆశ ఎక్కడుందో ముందు వెతకండి, అది సూర్యోదయంలా రాదు. దోచేసిన సూపర్ మార్కెట్‌లో విరగ్గొట్టిన యంత్రంలోంచి తండ్రి ఒక కోకా కోలా డబ్బా వెతికి తీస్తాడు. పిల్లవాడు అదేమిటో ఎరగడు. తండ్రి మూత లాగి చేతికిస్తే కాస్త తాగి, బుడగలున్నాయంటాడు, నువ్వూ తాగు నాన్నా అంటాడు. నవల మొత్తంలో ఇలాంటివి కొన్నే ఉంటాయి. అవి సరిపోలేదని మీరు అనొచ్చు. అసలు లేవనడం మాత్రం చదవనట్టే.

నమ్మలేదు అనేముందు లెక్క

‘న’ గుర్తులని అలాగే వ్యాసంలోకి ఎక్కించకండి. ఒక్కొక్కదానికీ కాగితం మీద లెక్క వేయొచ్చు, లెక్కలో చాలావరకు తేలిపోతాయి.

తిండి లెక్క తీసుకోండి. చలిలో బరువు తోసుకుంటూ రోజంతా నడిచే మగమనిషికి మూడు వేల కేలరీల దాకా కావాలి. వండి డబ్బాలో పెట్టిన చిక్కుడు గింజలు నాలుగు వందల గ్రాములకి మూడొందల యాభై కేలరీల చుట్టుపక్కల ఇస్తాయి. అంటే ఒక్కడికే రోజుకి ఎనిమిది డబ్బాలు, పిల్లవాడికి ఐదు అనుకోండి, మొత్తం పదమూడు. వంద డబ్బాలు రేకు బరువుతో కలిపి యాభై కిలోల దాకా తూగుతాయి, బండి మోస్తుంది. కడుపు నిండా తింటే ఎనిమిది రోజుల్లోపే అయిపోతాయి, సగం కడుపుతో రెండు వారాలు. ఒక నవలలో ఇద్దరు ఒక బండెడు డబ్బాలతో మూడు నెలలు కులాసాగా నడిచారంటే ‘న’ ఉంచండి. వాళ్లు చిక్కి శల్యమవుతూ, ప్రతి ఇల్లూ గాలిస్తూ నడిచారంటే తీసేయండి. డబ్బా ఉబ్బకుండా, తుప్పు పట్టకుండా, నొక్కుకుపోకుండా ఉంటే లోపలి తిండి ఏళ్ల తరబడి తినదగ్గదిగానే ఉంటుంది, కాబట్టి పాత డబ్బా తిన్నారన్నది తప్పు కాదు. ఉబ్బిన డబ్బా తిని ఏమీ కాలేదంటే మాత్రం అనుమానించొచ్చు. అందులో పుట్టే బొటులినం విషం ప్రాణం తీస్తుంది.

పెట్రోల్ కొన్ని నెలలకే పాడవడం మొదలుపెడుతుంది. ప్రళయం వచ్చిన పదేళ్లకి పాత బంకులోంచి పెట్రోల్ తోడి కారు నడిపే నవలని ఈ విషయంలో నిలదీయొచ్చు. తండ్రీ కొడుకులు కాలినడకన వెళ్లడంలో ఆ సమస్యే రాదు.

బూడిద కమ్మిన ఆకాశం, ఎండ రాకపోవడం, పంటలు చావడం ఊహే కదా అనుకోకండి. 1815లో ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలితే మరుసటి ఏడాది యూరప్‌లోనూ ఉత్తర అమెరికా ఈశాన్య ప్రాంతంలోనూ వేసవి రాలేదు, పంటలు పోయాయి. అణుయుద్ధం రేపే మసి ఎండని ఆపేస్తుందని శాస్త్రవేత్తలు 1983లో లెక్కగట్టి ప్రచురించారు. ‘ద రోడ్’ తన లోకానికి ఏమైందో చెప్పదు. ఒక వెలుగు, కొన్ని మెల్లని అదురులు, ఒంటిగంటా పదిహేడు నిమిషాలకి ఆగిన గడియారాలు, అంతే. కారణం చెప్పకపోవడం దానికదే లోపం కాదు, ఎందుకంటే నడిచేవాడికి అది తెలిసినా చేయగలిగిందేమీ లేదు. కారణం చుట్టూనే కథ నడిపి, చివరికి దాన్ని చెప్పకుండా దాటేస్తే అప్పుడు అడగండి.

మనుషుల తీరు మీద ‘న’ పెట్టేవాళ్లు ఎక్కువ: "మనుషులు అంత దిగజారరు", లేకపోతే "అలాంటప్పుడు ఎవరూ ఎవరికీ సాయం చేయరు". ఇక్కడ మన ప్రాంతపు పాఠకుడికి ఒక కొలత ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు రోజుల తరబడి మేడల మీద ఉన్నవాళ్లకి తెలుసు, చుట్టూ నీళ్లే ఉన్నా ముందు కరువైంది తాగే నీళ్లేనని. పడవ మీద పాల పాకెట్లు తెచ్చి ఊరికే ఇచ్చినవాళ్లనీ చూశారు, పడవెక్కించడానికి డబ్బులు అడిగినవాళ్లనీ చూశారు. నవలలో ఒక్క రకం మనుషులే కనిపిస్తే ఆ ఖాళీని చూపించే హక్కు మీకుంది. అయితే రెండు విషయాలు మరవకండి. వరదకి అవతల ఒడ్డు ఉంది, నాలుగు రోజులకైనా సాయం వస్తుందని తెలుసు. ఈ నవలల్లో అవతల ఒడ్డే లేదు. రెండోది, మీ వ్యాసంలో ఈ అనుభవానికి ఒక వాక్యం చాలు. రెండు పేరాలైతే అది పుస్తకం గురించి కాక వరద గురించి అయిపోతుంది.

ఇదంతా పాశ్చాత్యుల గోల, మన దగ్గర ఇలా ఉండదు అన్న మాటనీ ఇలాగే తూకం వేయాలి. 1977 నవంబరు 19 తుఫానులో దివిసీమ మీదికి సముద్రం వచ్చిన కృష్ణా డెల్టా మనది. ఊళ్లకి ఊళ్లు లేకుండా పోవడం ఇక్కడివాళ్లకి పరాయి ఊహ కాదు. పరాయిగా అనిపించింది ఏమిటో కచ్చితంగా చెప్పండి: ఊరు, చుట్టాలు, ఇరుగుపొరుగు అనేవి లేకుండా ఇద్దరే మనుషులు ఉండటమా? ఆ మాటని పుస్తకం ముందు పెడితే మంచి పేరా అవుతుంది.

రాయడం

ఆరు వందల మాటల వ్యాసం అనుకుందాం. కథ చెప్పడానికి ఎనభై మాటలు మించొద్దు, అదీ మొదటి మూడో వంతు కథే. ముగింపు గురించి చెప్పాల్సివస్తే ఏం జరిగిందో చెప్పకుండా, అది మీ మీద ఎలా పనిచేసిందో చెప్పండి. నచ్చినదానికి ఒకే సన్నివేశం, రెండు వందల మాటలు. నచ్చనిదానికి ఒకే అంశం, ఇంకో రెండు వందలు. చీటీల మీద పది ఫిర్యాదులు ఉంటాయి, వాటిలో బలమైనది ఒక్కటే తీసుకోండి. పదీ రాస్తే ఏదీ నిలబడదు. మిగిలిన మాటలు ఎవరికి చెప్పాలి, ఎవరికి వద్దు అన్నదానికి.

అన్నిటికంటే ముఖ్యమైన మెళకువ: మెప్పునీ ఫిర్యాదునీ ఒకే కొలతతో కొలవాలి. భాష బాగుంది, కథ బాగోలేదు అంటే రెండు వేర్వేరు కొలతలు, పాఠకుడికి ఏమీ తెలియదు. ఈ నమూనా చూడండి:

"ఒక్క కోకా కోలా డబ్బాతో పోయిన లోకాన్నంతా చూపించగలిగాడు రచయిత. పిల్లవాడి చేతిలో ఆ డబ్బా ఉన్నంతసేపూ తొందరపడలేదు. తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక కనిపించదు. ఆమె అడిగిన ప్రశ్న అంత బరువైనది, ఆమెకి దక్కింది కొద్ది పేజీలు. డబ్బాకి ఇచ్చినంత చూపు ఆమెకీ ఇచ్చి ఉంటే ఈ నవలని ఇంకోసారి చదివేవాణ్ని."

మెప్పూ ఫిర్యాదూ రెండూ ‘ఓపిక’ అనే ఒకే కొలత మీద ఉన్నాయి. అందుకే ఇందులో "కానీ" ఒక్కసారి కూడా రాలేదు, అయినా రెండు వైపులా తెలిశాయి. మీ చిత్తుప్రతిలో "కానీ", "అయితే", "అయినప్పటికీ" ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆరు వందల మాటల్లో నాలుగు దాటితే కొలత మారుతూ ఉందని అర్థం, తిరగరాయాలి.

ఇంకొక పరీక్ష. "కథనం కొంచెం నెమ్మదిగా సాగినా మొత్తం మీద ఆలోచింపజేసే నవల" అనే వాక్యంలో పుస్తకం పేరు మార్చి చూడండి. ఏ పుస్తకానికైనా అతుకుతుంది. అతికే వాక్యాలన్నీ కొట్టేయండి. కొట్టేశాక మూడు వందల మాటలే మిగిలితే అంతే పంపండి, మిగతాది కథతో నింపకండి.

ముందు ఏది, వెనక ఏది? చదివినవాళ్లకి చివర చెప్పింది గుర్తుంటుంది. మీ మనసులో బరువు ఎటు ఎక్కువ ఉందో అది చివర రావాలి. మర్యాద కోసం మెప్పుని చివర్లో పెట్టకండి. బహుమతి వచ్చిన పుస్తకమని భయపడి ఫిర్యాదుని "బహుశా నాకే అర్థం కాలేదేమో" అని మెత్తబరచకండి. నిజంగా అర్థం కాని చోటు ఉంటే ‘తి’ గుర్తు ఉంది కదా, ఆ పేజీ నంబరు వేసి అర్థం కాలేదని చెప్పండి. దాని విలువ దానిదే.

ఉటంకింపులు రెండు మించొద్దు, ఒక్కొక్కటి రెండు మూడు వాక్యాలు. పేజీ నంబరు, ఏ ప్రచురణ, ఏ ముద్రణ అన్నది వ్యాసం కింద రాయండి. నక్షత్రాలు ఇవ్వాల్సి వస్తే ఐదుకి మూడు అని వదిలేయకండి, ఆ రెండూ దేనికి తగ్గాయో ఒక వాక్యం రాయండి. 2009లో వచ్చిన సినిమా చూసి ఉంటే నవల మీద రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టండి. బండి, దారి, వాన అన్నీ సినిమావే కళ్ల ముందుకొస్తాయి, నవలలో లేనిదాన్ని నవలకి అంటగట్టేస్తాం.

నలుగురిలో చెప్పేటప్పుడు, చేతికిచ్చేటప్పుడు

సమావేశంలో అయితే ఆరు నిమిషాలు చాలు. ఒక నిమిషం కథ, రెండు నిమిషాలు పుస్తకంలోంచి చదవడం, మూడు నిమిషాలు మీ మాట. చదవడానికి ఘోరమైన పేజీ ఎంచుకోకండి, గది మొత్తం దాని గురించే మాట్లాడుతుంది, మీ అభిప్రాయం ఎవరికీ వినపడదు. "మీరు సరిగ్గా చదవలేదండీ" అని ఎవరైనా అంటే వాదించకుండా చీటీ తీసి ఆ పేజీ తెరవండి, ఇద్దరూ కలిసి పైకి చదవండి. ఒక్కోసారి వాళ్లదే సరి అవుతుంది. అక్కడికక్కడే ఆ గుర్తు చెరిపేస్తే మీ మిగతా గుర్తులకి విలువ పెరుగుతుంది.

పుస్తకంలో ఏముందో ముందే చెప్పడం తప్పనిసరి. ‘ద రోడ్’లో మనుషుల్ని మనుషులు తినడం ఉంది, పసిబిడ్డ మరణం ఉంది, ఆత్మహత్య ప్రస్తావన ఉంది. ఈ ఒక్క వాక్యం వ్యాసం మొదట్లో ఉండాలి, కథ గుట్టు ఏమీ బయటపడదు. ఇంట్లో ఈ మధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లకి, చంటిబిడ్డ తల్లులకి మీ అంతట మీరు ఇవ్వకండి. అడిగితే విషయం చెప్పి ఇవ్వండి. విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ హాస్టళ్లలో ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఎక్కువ. పుస్తకాలంటే ఇష్టపడే పిల్లలు వాళ్లలో ఉంటారు, గొప్ప నవల అని వినగానే అడుగుతారు. పరీక్షల ముందు వద్దని చెప్పండి. సెలవుల్లో, ఇంటి దగ్గర, చదివాక మాట్లాడే పెద్దమనిషి ఉన్నప్పుడు ఇవ్వండి. నవలలో తల్లి మాట్లాడే పేజీలు ముందుగా చూపించండి.

ఇచ్చేటప్పుడు దాటేయదగ్గ చోట్లు చీటీ మీద రాసి పెట్టండి. పేజీ నంబర్లతో పాటు అక్కడ ఏముందో రెండు మాటలు కూడా రాయండి, ఎందుకంటే ముద్రణ మారితే పేజీలు మారతాయి, ఈ నవలలో అధ్యాయాలు లేవు కాబట్టి వెతుక్కోవడానికి వేరే ఆధారం ఉండదు.